శాలువా కప్పాక... అసలు పని!

ఆడపిల్లల బడికి కొత్త కమిటీ వచ్చిందంటే దండలు, ఫొటోలు, టీలు, బిస్కెట్లు. ఆ సందడి సద్దుమణిగాక కొత్త సభ్యులు ఏం చేయాలి? బడి వాళ్లకు ఏం చూపించాలి? వందేళ్ల కిందటి శారదా నికేతనం నుంచి నేటి పల్నాడు కస్తూర్బా విద్యాలయాల దాకా... ఆ కుర్చీ కథ ఇది.

పల్నాట ఏ ఊరి బడి చూసినా కొత్త కమిటీ తొలి సమావేశం ఇంచుమించు ఒకే తీరుగా నడుస్తుంది. హెచ్ఎం గదిలో నాలుగు కుర్చీలు అదనంగా పడతాయి. ఛైర్మన్‌కు శాలువా, మిగతావాళ్లకు పూలు, ఊరి పెద్ద ఒకరు నాలుగు మంచి మాటలు, ఆ వెంటనే గ్రూపు ఫొటో. అది వాట్సప్‌లో ఊరంతా తిరిగేలోపే మినిట్స్ పుస్తకం బల్ల మీదికొస్తుంది. ‘అమ్మా, ఇక్కడో సంతకం పెట్టు’ అంటారు. ‘దేనికి సారూ?’ అని అడిగే తల్లి అరుదు. అడిగినా ‘ఏం లేదమ్మా, మామూలే’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ ‘మామూలే’ అన్న మాట కింద తాగునీటి ట్యాంకు మరమ్మతు ఉండొచ్చు, బడి నిధుల ఖర్చు ఉండొచ్చు, నెలగా బడికి రాని పదో తరగతి పిల్ల పేరూ ఉండొచ్చు.

ప్రైవేటు బడుల్లో తీరు వేరు, ఫలితం మాత్రం అదే. ట్రస్టులోనో సొసైటీలోనో కొత్త సభ్యుడిని చేర్చుకునేది చాలాసార్లు చందా ఇచ్చాడనో, పలుకుబడి ఉందనో, బంధువనో. కరస్పాండెంట్ చెప్పింది విని తలూపి, భోజనం చేసి వెళ్లిపోతే సరిపోతుందని ఆయనా అనుకుంటాడు, బడి వాళ్లూ అనుకుంటారు.

ఈ అలవాటు ఏ బడికైనా చేటే. ఆడపిల్లల బడికి మరీ చేటు. ఎందుకంటే అక్కడ పిల్ల చదువు ఆగిపోవడానికి పాఠం అర్థం కాకపోవడం ఒక్కటే కారణం కాదు. గడియ పడని మరుగుదొడ్డి, సమయానికి రాని బస్సు, ఇంట్లో కుదిరిన సంబంధం, నోరు విప్పి చెప్పుకోలేని వేధింపు... వీటిలో ఏ ఒక్కటైనా చాలు. వీటిని ముందే పసిగట్టి అడగాల్సిన వాళ్లు కమిటీ సభ్యులు. వాళ్లకు లెక్కలు చూపించి, రిజిస్టర్లు చేతికిచ్చి, ప్రతి గది తలుపూ తెరిచినప్పుడే బడి వాళ్లను నిజంగా ఆహ్వానించినట్టు.

పుల్లరి పోరాటం నుంచి ఆడపిల్లల బడిదాకా

సొంత కాళ్ల మీద నిలబడిన ఆడపిల్లల బడి అనగానే ఈ ప్రాంతంలో ముందు గుర్తుకు రావాల్సింది గుంటూరు శారదా నికేతనం. దాని వెనక పల్నాడు కూడా ఉంది.

అడవిలో పశువులను మేపుకొన్నందుకు కట్టాల్సిన పన్ను పుల్లరి. దానికి ఎదురు తిరిగిన పల్నాడు రైతులకు అండగా 1921లో ఇక్కడికి వచ్చిన కాంగ్రెస్ నాయకుల్లో ఉన్నవ లక్ష్మీనారాయణ ఒకరు. ఐర్లండ్‌లో బారిస్టరు చదివి వచ్చిన ఆయనను ప్రభుత్వం పట్టుకుని రాయవేలూరు జైలుకు పంపింది. ‘మాలపల్లి’ నవల ఆ జైల్లో రాసిందే. ఆ పోరాటంలోనే 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు తూటాలకు బలయ్యారు. అదే 1922లో ఉన్నవ దంపతులు గుంటూరులో శారదా నికేతనం స్థాపించారు.

ఆ బడి ఒక్కసారిగా ఊడిపడింది కాదు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1902లో, ఆ దంపతులు గుంటూరులో వితంతు శరణాలయం నడిపారు. వీరేశలింగం బాటలో వితంతు వివాహాలు జరిపించి అయినవాళ్ల చేతా కానివాళ్ల చేతా మాటలు పడ్డారు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న ఆడపిల్లకు నీడ ఇస్తే చాలదని, చదువూ చేతిపనీ ఉంటే తప్ప ఆమె బతుకు ఆమెది కాదని వాళ్లకు ఆ అనుభవం చెప్పింది. శారదా నికేతనంలో లక్ష్మీబాయమ్మ చేతుల మీదుగా జరిగింది అదే.

ఆ తర్వాత ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. లక్ష్మీబాయమ్మ జైలుకు వెళ్లారు. ఉన్నవ మళ్లీ వెళ్లారు, క్విట్ ఇండియా ఉద్యమంలో ఇంకోసారి వెళ్లారు. బడి పెట్టినవాళ్లే ఊచల వెనక ఉంటే పిల్లలకు అన్నం ఎవరు పెట్టాలి, పంతులమ్మలకు జీతం ఎవరివ్వాలి? ఇలాంటి బడి నాలుగు కాలాలు నిలవాలంటే వ్యవస్థాపకుడి పేరు ఎంత గొప్పదైనా చాలదు. ఆయన లేని రోజున తలుపు తీసే మనుషులు కావాలి. పాలకవర్గం అనేది పుట్టిందే ఆ అవసరం కోసం. ఇప్పటి కొత్త సభ్యులు తమ కుర్చీ విలువ తెలుసుకోవాలంటే ముందు ఈ చరిత్ర వినాలి.

సర్కారు కాదన్నా సరే

కమిటీ అంటే జమాఖర్చులు చూసుకునే సంఘమని చాలామంది అభిప్రాయం. కొన్నిసార్లు అది బడి నడక మొత్తాన్ని తేల్చే నిర్ణయమూ తీసుకోవాలి. ఆ మాటకు హైదరాబాద్ నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావు బాలికల ఉన్నత పాఠశాలే సాక్ష్యం.

1928లో మాడపాటి ఆ బడికి శ్రీకారం చుట్టేనాటికి నిజాం రాజ్యంలో పై చదువులు ఉర్దూలో. తెలుగు మాధ్యమంలో ఆడపిల్లలకు ఉన్నత పాఠశాల అంటే ప్రభుత్వ గుర్తింపు దొరకదు. గుర్తింపు లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఏ తల్లిదండ్రులు పంపుతారు? మాధ్యమం మార్చుకుంటే చిక్కు తీరిపోయేది. మాడపాటి బృందం ఆ దారి పట్టలేదు. మరాఠా దేశంలో ధొండో కేశవ్ కార్వే 1916లో నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయానికి బడిని అనుబంధం చేసింది. అలా హైదరాబాద్ తెలుగు ఆడపిల్లలు పుణే పరీక్షలు రాశారు. ఆ తర్వాత హైదరాబాద్ తొలి మేయరయ్యారు మాడపాటి. బడి ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.

కోస్తాలో దుర్గాబాయి కథ ఇంకో తీరు. తానింకా చిన్నపిల్లగా ఉండగానే ఆడవాళ్లకు హిందీ నేర్పే బడి పెట్టి, తర్వాత మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిర్మించిన ఆమె, 1958లో కేంద్రం వేసిన మహిళా విద్య జాతీయ కమిటీకి అధ్యక్షురాలయ్యారు. ఊరి బడి నడిపిన అనుభవమే దేశానికి దారి చూపే అర్హత అయింది. ఇంకాస్త వెనక్కి వెళ్తే, 1849లో మొదలైన కలకత్తా బెథూన్ బాలికల పాఠశాలకు ఈశ్వరచంద్ర విద్యాసాగర్ కార్యదర్శిగా పనిచేశారు. అటు ఇంగ్లండ్‌లో 1872లో కొందరు మహిళలు ఓ కంపెనీ పెట్టి, వాటాలు అమ్మి ఆ డబ్బుతో ఆడపిల్లలకు బడులు తెరిచారు. కాలం వేరు, దేశం వేరు. ఎవరో ఒకరు ఇల్లు, వాకిలి, పరువు పక్కనపెట్టి బడి బాధ్యత నెత్తికెత్తుకోవడం మాత్రం అన్నిచోట్లా ఒకటే.

తల్లికి అధికారం ఇచ్చిన చట్టం

ఇక నేటి మాట. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం మంది మహిళలే కావాలి. మన రాష్ట్రంలో ప్రతి తరగతి తల్లిదండ్రులూ తమలోంచి ముగ్గురిని ఎన్నుకుంటారు. ఛైర్మన్, వైస్ ఛైర్మన్లను ఆ ఎన్నికైన తల్లిదండ్రుల్లోంచే ఎంచుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకరు మహిళ. హెచ్ఎం సభ్య కన్వీనర్. అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్ఎం, మహిళా సమాఖ్య అధ్యక్షురాలు లాంటివాళ్లు హోదా రీత్యా సభ్యులు. చదువు మీద శ్రద్ధ ఉన్న దాతలను, పూర్వ విద్యార్థులను కోఆప్ట్ చేసుకునే వీలూ ఉంది. పదవీకాలం రెండేళ్లు. రాష్ట్రవ్యాప్తంగా 2024 ఆగస్టు 8న ఈ ఎన్నికలు జరిగాయి. అదే ఏడాది డిసెంబరు 7న అన్ని ప్రభుత్వ బడుల్లో ఒకేసారి తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మెగా సమావేశం పెట్టారు.

కమిటీకి చట్టం అప్పగించిన పనులు ప్రధానంగా మూడు. బడి ఎలా నడుస్తోందో కనిపెట్టుకుని ఉండటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో చూడటం. ఇదేదో కాగితం మీది మాట అనుకోవద్దు. 2019లో మొదలైన బడుల బాగుచేత పథకం నాడు-నేడు తొలి విడతలో 15,715 బడుల పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగానే సాగాయి. సిమెంటు బస్తా ధర మొదలు టైల్స్ నాణ్యత దాకా పొలం పనులకు వెళ్లే తల్లులు లెక్కలేయాల్సి వచ్చింది. వేలిముద్ర వేసే కమిటీకి, ఇసుక ఎన్ని ట్రాక్టర్లు దిగిందో నిలబడి లెక్కపెట్టే కమిటీకి తేడా అక్కడే తెలిసింది.

సమగ్ర శిక్ష కింద ఏటా వచ్చే స్కూల్ గ్రాంటు విషయమూ అంతే. పిల్లల సంఖ్యను బట్టి మొత్తం మారుతుంది. 101 నుంచి 250 మంది ఉన్న బడికి ఏడాదికి 50 వేలు, 250 దాటితే 75 వేలు, వెయ్యి దాటితే లక్ష. ఇందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికే వాడాలి. ఈ ఒక్క నిబంధన తెలిసిన తల్లి సమావేశంలో అడిగే ప్రశ్నే వేరుగా ఉంటుంది.

అడ్డంకులూ లేకపోలేదు. సభ్యురాలు భార్య, సమావేశానికి వచ్చేది భర్త. ‘ఆమె చేలోకి పోయింది, నే పెడతాలే’ అని పెన్ను అందుకునే మగవాళ్లు ఇంకా ఉన్నారు. అది చెల్లదని చెప్పాల్సింది బడే. సమావేశం మిట్టమధ్యాహ్నం పెడితే కూలి తల్లికి ఆ రోజు కూలి పోతుంది. సాయంత్రం పెడితే ఆమె వస్తుంది. అడిగిన ఆడమనిషికి పేరు పెట్టే జబ్బూ మనకుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందట గురజాల కొలువులో మంత్రాంగం నడిపిన నాగమ్మను ఇప్పటికీ కారెంపూడి యుద్ధానికి కారకురాలిగానే చెప్పుకొంటున్నాం. నలుగురిలో నోరెత్తే ఇల్లాలిని ‘నాయకురాలు నాగమ్మ’ అని ఎత్తిపొడుస్తున్నాం. కొత్తగా కమిటీలోకి వచ్చే తల్లి మొదట దాటాల్సింది ఆ మొహమాటాన్నే.

మిరప కోతలు... మాఘ ముహూర్తాలు

పల్నాడు ఆడపిల్లల బడికి తనదంటూ ఒక క్యాలెండర్ ఉంది. అది గోడ మీది క్యాలెండర్‌లో కనిపించదు, హాజరు పట్టీలో కనిపిస్తుంది.

సంక్రాంతి సెలవులకు వెళ్లిన పిల్లలు అందరూ ఒకేసారి తిరిగి రారు. జనవరి చివర నుంచి మిరప కోతలు ముమ్మరమవుతాయి. కాయ కోయడానికి ఇంటిల్లిపాదీ కదిలితే, ఇంట్లో తమ్ముణ్ని చూసుకోవడానికో, కల్లంలో కాయ ఏరడానికో పెద్దమ్మాయి ఆగిపోతుంది. ఆ వెంటే మాఘమాసం ముహూర్తాలు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల. మార్చి వస్తే ఒంటిపూట బడులు, పదో తరగతి పరీక్షలు. ఏ పిల్ల పరీక్ష హాలు దాకా చేరుతుంది, ఏ పిల్ల మధ్యలో జారిపోతుంది అన్నది ఈ రెండు నెలల్లోనే తేలిపోతుంది. వేసవి ముదిరితే రెంటచింతల ఎండ పత్రికల మొదటి పేజీకెక్కుతుంది. రేకుల గదిలో పిల్లల పరిస్థితి ఏమిటో అప్పుడు ఎవరూ అడగరు.

పదో తరగతి పిల్లకు సంబంధం కుదిరిన సంగతి బడికి చివరగా తెలుస్తుంది. వీధిలోని తల్లికి ముందే తెలుస్తుంది. ఆమె కమిటీలో ఉంటే ఆ కబురు సకాలంలో హెచ్ఎం చెవిన పడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం, 20 నుంచి 24 ఏళ్ల వయసు యువతుల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. దేశం మొత్తం మీద చూస్తే 23.3 శాతమే. చదువులో ముందున్నామని చెప్పుకొనే రాష్ట్రానికి ఇది తలవంపు. 1098కి ఒక్క ఫోన్ చేస్తే అధికారులు కదులుతారు. అయితే అంతకంటే ముందు ఆ పిల్ల తల్లి పక్కన కూర్చుని ‘వదినా, ఈ ఒక్క ఏడాది ఆగు, పిల్ల పది పాసవనీ’ అనగలిగేది తోటి తల్లే. ఆ పని ఏ సర్క్యులరూ చేయలేదు.

తండాల్లో, కొండవాలు పల్లెల్లో బడి మానేసిన ఆడపిల్లలకు 2004లో కేంద్రం తెచ్చిన పథకం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు. రాష్ట్రంలో ఇవి 352 ఉన్నాయి. తల్లో తండ్రో లేనివాళ్లు, వలస కూలీల పిల్లలు, మధ్యలో చదువాపినవాళ్లు ఇక్కడ ఉండి చదువుకుంటారు. ఇలాంటి చోట కమిటీ సభ్యురాలి బాధ్యత రెట్టింపు. తల్లిదండ్రులు దూరాన ఉంటారు కాబట్టి రాత్రిపూట ఆ పిల్లలకు ఏ ఇబ్బంది వచ్చినా చెప్పుకోవడానికి ఇంటి మనిషి ఉండదు. స్పెషలాఫీసర్ మంచివారైతే సరే. కాకపోయినా, సెలవులో ఉన్నా ఎవరు చూస్తారు? నెలకోసారైనా ముందుగా చెప్పకుండా వెళ్లి, పిల్లలతో కలిసి అన్నం తిని, నీళ్లు తాగి వచ్చే సభ్యురాలు ఉంటే ఆ హాస్టల్ నడకే మారుతుంది. నీళ్ల మాట ఊరికే అనలేదు. వినుకొండ, బొల్లాపల్లి వైపు ఫ్లోరైడ్ నీటి బాధ తరాల నాటిది. ఆర్వో యంత్రం గోడకు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో అడగాలి.

మరుగుదొడ్డి దగ్గర అయిదు నిమిషాలు

కొత్త సభ్యులు బడి చూడటం ఎక్కడ మొదలెట్టాలి? స్మార్ట్ బోర్డు దగ్గర మాత్రం కాదు. ఆడపిల్లల మరుగుదొడ్డి దగ్గర మొదలెట్టాలి. 

లోపలికి వెళ్లి తలుపు వేసి చూడండి. గడియ లోపలి నుంచి పడుతోందా? పంపు తిప్పితే నీళ్లు వస్తున్నాయా, బయటి నుంచి బకెట్‌తో మోసుకోవాలా? చున్నీ, బ్యాగు తగిలించుకోవడానికి ఒక మేకైనా ఉందా? వాడిన న్యాప్‌కిన్ వేయడానికి మూతున్న డబ్బా ఉందా? దాన్ని ఎవరు, ఎప్పుడు ఖాళీ చేస్తారు? కిటికీ అవతల నుంచి ఎవరైనా చూసే వీలుందా? 40 మంది పిల్లలకు ఒక మరుగుదొడ్డి, మూడు మూత్రశాలలు ఉండాలన్నది స్వచ్ఛ విద్యాలయ ప్రమాణం. మీ బడి లెక్క ఎంత? ఈ ప్రశ్నలకు జవాబు సరిగా లేనిచోట ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా కూర్చుంటారు. నెలసరి వచ్చిన రోజుల్లో ఇంట్లోనే ఆగిపోతారు. హాజరు పట్టీలో ప్రతి నెలా అదే పిల్లకు రెండు మూడు రోజులు గైర్హాజరు పడుతోందంటే కారణం ఆ తలుపు గడియ దగ్గర దొరకొచ్చు. 

ప్రైవేటు బోర్డులో కూర్చుంటే...

నరసరావుపేట, మాచర్ల, పిడుగురాళ్ల పట్టణాల నిండా ప్రైవేటు బడులే. ప్రభుత్వ సాయం తీసుకోని బడికి విద్యాహక్కు చట్టం కింద యాజమాన్య కమిటీ అక్కర్లేదు. అక్కడ పెత్తనం ట్రస్టుదో, సొసైటీదో. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు చేరాలి. ఆచరణలో ఆ ఏడుగురూ ఒకే ఇంటి చుట్టాలైతే ఆ సమావేశం భోజనాల బల్ల దగ్గరే ముగిసిపోతుంది. బయటి మనిషిని, అందులోనూ ఒక డాక్టరమ్మనో, రిటైరైన పంతులమ్మనో, చదువుకుని పైకొచ్చిన పూర్వ విద్యార్థినినో బోర్డులోకి తీసుకుంటే బడికే మేలు. అలా వచ్చినవాళ్లు చేయాల్సిన మొదటి పని సొసైటీ బైలా చదవడం. రెండోది గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడిగి తీసుకోవడం.

లెక్కలు చూడటమంటే అనుమానించడం కాదు. ఫీజు ఎంత వసూలైంది, అందులో జీతాలకు ఎంత పోయింది, టీచర్లకు పీఎఫ్ కడుతున్నారా, భవనం అద్దె ఎవరి ఖాతాకు వెళ్తోంది... ఇవి అడగడానికి నామోషీ అక్కర్లేదు. సభ్యుడి బావమరిది దుకాణం నుంచే యూనిఫాం కొంటుంటే ఆ విషయం మినిట్స్‌లో రాయాలి, ఆ చర్చలో ఆ సభ్యుడు పక్కకు తప్పుకోవాలి.

ఆడపిల్లల భద్రత విషయంలో బోర్డు సభ్యుడికి తెలియక తప్పని చట్టాలు రెండున్నాయి. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాడు ఆ తప్పు చేసినా చెప్పకుండా దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది వరకు జైలు. ‘బడి పరువు పోతుంది, లోపలే సర్దుబాటు చేద్దాం’ అనేవాళ్లు ఆ మాటతోనే నేరంలో దిగుతున్నారు. రెండోది, 2013 నాటి పనిచోట వేధింపుల నిరోధక చట్టం. పదిమంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షత వహించాలి, బయటి సభ్యులు ఒకరు తప్పనిసరి. ఆ కమిటీ పేర్లు గోడ మీద ఉన్నాయో లేవో చూడటానికి అర నిమిషం చాలు.

బస్సుల సంగతీ అంతే. రాష్ట్రంలో స్కూలు బస్సుల ఫిట్‌నెస్ మే 15తో ముగుస్తుంది. జూన్ 12న బడులు తెరిచేలోగా మళ్లీ చేయించాలి. జూన్ మొదటి వారంలో బోర్డు సమావేశం పెడితే ఆ కాగితాలు, అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ, గుర్తింపు రెన్యువల్ అన్నీ బల్ల మీదికి రావాలి. ఆగస్టులో పెడితే పుణ్యకాలం గడిచిపోయినట్టే.

గీత ఎక్కడ?

అడగమన్నాం కదా అని అడ్డగోలుగా దూరిపోయే సభ్యులూ ఉంటారు. పాఠం జరుగుతున్న గదిలోకి వెళ్లి టీచరును పిల్లల ముందే నిలదీయడం, తన చుట్టం పిల్లకు సీటివ్వమని ఒత్తిడి తేవడం, వాచ్‌మన్‌ను సొంత పనులకు పంపడం సభ్యత్వం కిందికి రావు. బడి ఎటు పోవాలో, డబ్బు ఎలా ఖర్చవ్వాలో, పిల్లలు క్షేమంగా ఉన్నారో లేదో చూసుకోవడం కమిటీ వంతు. రోజువారీ నడక హెచ్ఎం వంతు. టీచరు మీద ఫిర్యాదు ఉంటే సమావేశంలో రాతపూర్వకంగా పెట్టాలి. ఒక్క సభ్యుడిగా ఎవరికీ ఏ అధికారమూ లేదు, అది కమిటీ మొత్తానిది. ఇంగ్లండ్‌లో స్కూల్ గవర్నర్లు జీతం లేకుండా, మామూలుగా నాలుగేళ్ల కాలానికి పనిచేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకు అక్కడ ముందు శిక్షణ ఇస్తారు. మన దగ్గర ఆ శిక్షణ ఒక పూట ఉపన్యాసంతో ముగుస్తోంది.

తొలి సమావేశంలో అడగాల్సినవి

• పోయిన సమావేశంలో ఏం తీర్మానించారు? అందులో ఎన్ని జరిగాయి?

• ఈ ఏడాది ఏ ఖాతాలో ఎంత పడింది, ఎంత మిగిలింది? పాస్‌బుక్కు చూపిస్తారా?

• వరసగా పది రోజులు రాని పిల్లలు ఎవరు? వాళ్ల ఇంటికి ఎవరు వెళ్లారు?

• ఏడో తరగతిలో ఉన్నవాళ్లలో పదికి ఎంతమంది చేరారు? మిగతావాళ్లు ఏమయ్యారు?

• పిల్ల తన కష్టం చెప్పుకోవాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆ పేరు పిల్లలకు తెలుసా?

• హాస్టల్ అయితే, రాత్రి ఎవరు ఉంటారు? బయటి నుంచి వచ్చేవాళ్ల పేర్లు రాసే రిజిస్టర్ ఉందా?

• తాగునీటి పరీక్ష ఆఖరిసారి ఎప్పుడు చేయించారు?

• వచ్చే సమావేశం తేదీ, సమయం ఇప్పుడే ఖరారు చేద్దామా?

బడి చేయాల్సింది

కొత్త సభ్యులను ఆహ్వానించే పద్ధతి మార్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ అవ్వదు. ఎన్నికైన వారం లోపల ప్రతి సభ్యుడి చేతికీ ఒక సంచిలో నాలుగు కాగితాలు తెలుగులో అందాలి: కమిటీ విధులు, బడి లెక్కల సారాంశం, పోయిన ఏడాది తీర్మానాలు, ముఖ్యమైన ఫోన్ నంబర్లు. చదవడం రాని తల్లి ఉంటే పక్కన కూర్చుని చదివి వినిపించాలి. బడి చూపించే బాధ్యత పెద్ద తరగతి ఆడపిల్లలకే అప్పగించాలి. హెచ్ఎం చూపించేవి వేరు, పిల్లలు చూపించేవి వేరు. పాత కమిటీలో పనిచేసిన ఒకరు కొత్త సభ్యురాలికి మొదటి ఆరు నెలలు తోడుండాలి. సమావేశంలో ముందుగా మాట్లాడే అవకాశం కొత్తవాళ్లకే ఇవ్వాలి. పెద్దలు మాట్లాడాక కొత్తవాళ్లు నోరు విప్పరు. మినిట్స్ అదే రోజు అందరి ముందూ చదివి, ఆ తర్వాతే సంతకాలు తీసుకోవాలి. 

కమిటీ సభ్యత్వం నిలబడేది మూడింటి మీద: సమావేశానికి స్వయంగా రావడం, అర్థం కానిది అడగడం, చదివి సంతకం పెట్టడం. ఈ మూడూ చేయలేమనుకున్నవాళ్లు ఎంత పెద్ద దాతలైనా, ఎంత పలుకుబడి ఉన్నా ఆ కుర్చీ ఇంకొకరికి వదిలేయడం మంచిది. విరాళం ఇవ్వడానికి పదవి అక్కర్లేదు.

ఈ కథనం చదువుతున్నవారిలో ఆడపిల్లల బడిలో చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడ్డ అక్కచెల్లెళ్లు ఎందరో ఉండి ఉంటారు. మీ బడికి మీరు పూర్వ విద్యార్థినులు. కోఆప్టెడ్ సభ్యత్వానికి చట్టప్రకారం అర్హులు. ఊరికి ఫోన్ చేసి హెచ్ఎంను అడగండి. పిల్లలను ప్రభుత్వ బడికి పంపే తల్లులూ, మీ బడి వివరాలు యూడైస్ ప్లస్‌లో ఎవరైనా చూడొచ్చు, ఖర్చుల వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. కమిటీ ఎన్నిక నోటీసు వచ్చిన రోజు పని మానుకునైనా వెళ్లండి. చేయెత్తి మీ పేరు మీరే చెప్పండి.